పాటలో బయటపడిన మనసు

పాఠ్యాంశ నేపథ్యం

ఈ పాఠ్యాంశం విమర్శనాత్మక వ్యాసప్రక్రియకు చెందినది. ఒక కళారూపాన్ని చూసి ఆనందించడం సహృదయుని లక్షణం. అది ఎందుకు ఆనందం కలిగించిందో, ఎక్కడ కలిగించలేకపోయిందో తర్కించి చెప్పడం విమర్శకుని బాధ్యత. అమెరికాలో నిర్మితమైన ఒక వైజ్ఞానిక కల్పనా ధారావాహిక నుంచి ఒకే ఒక్క భాగాన్ని తీసుకొని, మన నాట్యశాస్త్ర పరిభాష సహాయంతో దానిని పరిశీలించడం ఈ వ్యాసంలో అనుసరించిన పద్ధతి. ఆ ధారావాహికను చూడని విద్యార్థులకు కూడా బోధపడే విధంగా కథ అవసరమైన మేరకు చెప్పబడింది.

పాఠం

కౌరవసభ కొలువుతీరి ఉన్నది. శ్రీకృష్ణుడు రాయబారిగా వచ్చి నిలిచాడు. సంధియో సమరమో తేలిపోవలసిన ఘడియ అది. హార్మోనియం శ్రుతి అందుకోగానే ఆయన పద్యం ఎత్తుకుంటాడు. చివరి పాదాన్ని రాగాలాపనతో సాగదీస్తాడు. ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ అని కేకవేస్తే మళ్ళీ మొదటి నుంచి పాడతాడు. సింహాసనం మీద కూర్చున్న ధృతరాష్ట్రుడు గాని, కోపంతో రగిలిపోతున్న సుయోధనుడు గాని ‘రాజకార్యం మాట్లాడడానికి వచ్చి ఈ పాట ఏమిటి?’ అని అడగరు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలు తెలుగునాట లెక్కకు అందనన్ని మార్లు ప్రదర్శింపబడ్డాయి. రాత్రి తెల్లవార్లూ చాపల మీద కూర్చుని చూసిన పల్లె ప్రజలలో ఒక్కరికైనా ఆ సందేహం కలిగినట్లు కనబడదు. 1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ నాటి నుంచి మన చలనచిత్రాలలోనూ ఇదే పరిస్థితి. పాత్ర పాడుతుంది, తోటి పాత్ర వింటుంది, పాట ముగియగానే ఏమీ జరగనట్లు సంభాషణ కొనసాగుతుంది.

భరతముని దీనికి ఒక పేరు పెట్టాడు. లోకంలో జరిగేది జరిగినట్లుగా చూపడం లోకధర్మి. రంగస్థలం కోసం ఏర్పరచుకొన్న కట్టుబాట్లను అనుసరించి చూపడం నాట్యధర్మి. పక్కనే నిలుచున్న పాత్రకు వినబడకుండా ఒక పాత్ర తనలో తాను మాట్లాడుకోవడం, పాత్రలు గానం చేస్తూ భావాన్ని ప్రకటించడం వంటివి నాట్యధర్మి కిందికి వస్తాయి. ఇది ప్రయోక్తకూ ప్రేక్షకునికీ మధ్య మౌనంగా కుదిరిన ఒప్పందం. ఆ ఒప్పందంలో పాత్రలకు భాగస్వామ్యం లేదు. తాము పాడుతున్నామన్న సంగతే వాటికి తెలియదు.

మరి పాత్రకు ఆ సంగతి తెలిసిపోతే? పాడుతూ పాడుతూ ఉన్న మనిషి ఉలిక్కిపడి, ‘నేనెందుకు పాడుతున్నాను?’ అని తనను తానే ప్రశ్నించుకొంటే? నాట్యధర్మి ఆ క్షణంలో భగ్నమవుతుంది. అది భగ్నమైన చోటనే ‘సబ్‌స్పేస్ రాప్సడీ’ అనే భాగం ప్రారంభమవుతుంది.

‘స్టార్ ట్రెక్’ అనే ధారావాహిక జీన్ రాడెన్‌బెరీ సృష్టి. 1966 సెప్టెంబరులో అమెరికాలో ఎన్.బి.సి. సంస్థ దానిని ప్రసారం చేయడం మొదలుపెట్టింది. కథాకాలం ఇరవై మూడవ శతాబ్దం. భూమితో పాటు అనేక గ్రహాల ప్రజలు ఒక సమాఖ్యగా ఏర్పడతారు. ఆ సమాఖ్యకు చెందిన ‘ఎంటర్‌ప్రైజ్’ అనే నౌక నక్షత్రాల మధ్య అన్వేషణ సాగిస్తుంది. ఆ మూలకథకు పూర్వం జరిగిన సంఘటనలను చెప్పే ‘స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్’ అనే ధారావాహిక 2022 మే నెలలో పారమౌంట్ ప్లస్ ద్వారా మొదలయింది. దాని రెండవ విడతలోని తొమ్మిదవ భాగమే మనం పరిశీలిస్తున్న ‘సబ్‌స్పేస్ రాప్సడీ’. ఇది 2023 ఆగస్టు 3న విడుదలయింది. రచన డానా హోర్గన్, బిల్ వోల్కాఫ్. దర్శకత్వం డెర్మాట్ డౌన్స్. పాటలను కే హాన్లీ, టామ్ పోల్స్ కూర్చారు. స్టార్ ట్రెక్ కథాసంప్రదాయంలో పూర్తి సంగీత రూపకంగా రూపొందిన మొట్టమొదటి భాగం ఇదే.

వైజ్ఞానిక కల్పనకు ఒక ప్రత్యేక నియమం ఉన్నది. అద్భుతం ఎంత పెద్దదైనా కావచ్చు, దానికి కారణం మాత్రం చెప్పి తీరాలి. పురాణంలో వరమో శాపమో చాలు. ఇక్కడ ప్రకృతి సూత్రం వలె ధ్వనించే కారణం ఒకటి కావాలి. కనుక ఈ కథలో పాట పుట్టుకకు రచయితలు ఒక కారణాన్ని కల్పించారు. దానిని అర్థం చేసుకోవాలంటే ముందు ‘సబ్‌స్పేస్’ అన్న మాట తెలియాలి.

వాస్తవంలో కాంతిని మించిన వేగంతో ఏ సమాచారమూ ప్రయాణించదు. సూర్యునికి అత్యంత సమీపంలో ఉన్న నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ సుమారు 4.2 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. అక్కడి వారితో కుశలప్రశ్న వేసి జవాబు అందుకోవాలంటే ఎనిమిదేళ్ళకు పైగా వేచి ఉండాలి. అలా అయితే కథ నడవదు. అందువల్ల కాంతి కంటె వేగంగా సందేశాలను మోసుకొనిపోయే ఒక మాధ్యమాన్ని స్టార్ ట్రెక్ రచయితలు ఊహించి దానికి సబ్‌స్పేస్ అని పేరు పెట్టారు. ఈ భాగంలో ఎంటర్‌ప్రైజ్ నౌకకు సబ్‌స్పేస్‌లో సహజంగా ఏర్పడిన ఒక మడత ఎదురవుతుంది. ఆ మడతను వినియోగించుకొంటే సందేశాలు ఇంకా ఎన్నో రెట్లు వేగంగా చేరతాయని శాస్త్రాధికారి స్పాక్, సమాచారాధికారిణి ఉహురా భావిస్తారు. ఎన్ని సంకేతాలు పంపినా మడత స్పందించదు. అప్పుడు ఇంజనీరు పెలియా సంగీతాన్ని పంపి చూడమంటుంది. శబ్దం శూన్యంలో ప్రయాణించదు కాబట్టి ఉహురా ఒక పాటను సంకేతంగా మార్చి పంపుతుంది. అది కోల్ పోర్టర్ 1934లో రచించిన ‘ఎనీథింగ్ గోస్’. మరుక్షణమే మడత బద్దలై ఒక విచిత్ర క్షేత్రం నౌకను కమ్మివేస్తుంది. ఆ క్షేత్రంలో చిక్కుకొన్నవారు తమ ప్రమేయం లేకుండానే పాడడం మొదలుపెడతారు. సంగీతనాటక నియమాలు చెల్లుబాటయ్యే మరొక వాస్తవంతో తమ లోకం ముడిపడిందని వారు తర్కిస్తారు.

ఈ కారణం శాస్త్రపరీక్షకు నిలిచేది కాదు. భౌతికశాస్త్రం చదువుతున్న విద్యార్థులు నవ్వుకొంటే తప్పుపట్టవలసిన పనీ లేదు. కాని కారణం బలహీనంగా ఉన్నా, దాని నుంచి రాబట్టిన ఫలితం బలమైనది. పాటకు కారణం ఏర్పడిన మరుక్షణం పాట ఒక సంఘటన అవుతుంది. పాడినవాడు తాను పాడానని ఎరుగును. విన్నవాడు తాను విన్నానని ఎరుగును. ఆ పాటలో చెప్పిన మాటకు ఇద్దరూ జవాబుదారులే.

మొదటి పాటలో ఈ ప్రమాదం కనబడదు. నౌక సారథి పైక్ స్థితిగతులను తెలియజేయమని ఆదేశిస్తాడు. ఒక్కొక్క అధికారి తన విభాగం నివేదికను పాటగా వినిపిస్తాడు. యంత్రాలు సక్రమంగా ఉన్నాయని పాడడంలో హాస్యమే తప్ప వేరొకటి లేదు. తర్వాత ఉపసారథి ఊనా, తన వద్ద పని నేర్చుకోవడానికి వచ్చిన యువ అధికారి జేమ్స్ కర్క్‌కు నాయకత్వం గురించి పాటలో ఉపదేశిస్తుంది. ఆమె పాడుతూండగా దూరం నుంచి చూస్తున్న భద్రతాధికారిణి లాన్ ముఖం మారుతుంది. క్షేత్రం కోరుతున్నది నివేదికలను కాదు, మనసులోని మాటలను అని ప్రేక్షకునికి అక్కడ మొదటిసారి తోస్తుంది.

ఇక్కడ భరతుని మరొక పరిభాషను జ్ఞప్తికి తెచ్చుకోవాలి. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రలయం అనేవి ఎనిమిది సాత్త్విక భావాలు. మ్రాన్పడిపోవడం, చెమట పట్టడం, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, ముఖం పాలిపోవడం, కన్నీరు, స్పృహ తప్పడం అని వీటిని వాడుకమాటలలో చెప్పవచ్చు. చేతిని కదల్చకుండా నిలుపుకోగలం. మాటను పెదవి దాటనీయకుండా ఆపగలం. కాని కన్నీటిని రావద్దంటే అది ఆగదు. హృదయంలోని భావోద్వేగం శరీరం మీద తనంతట తానే వేసే ముద్రలు ఇవి. వీటిలో స్వరభేదం అనే దానిని విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. దుఃఖం వచ్చినప్పుడు గొంతు పూడుకుపోతుంది. కోపం వచ్చినప్పుడు కంఠం హెచ్చుతుంది. ఆ స్వరభేదాన్నే చివరి అంచు దాకా తీసుకొనిపోతే ఏమవుతుందో ఈ కథ చూపింది. ఈ నౌకలో పాట అలంకారం కాదు, కన్నీటి వంటిది. రావలసిన సమయానికి వచ్చి తీరుతుంది, ఎదుట ఎవరున్నారని చూడదు.

తెలుగు ప్రేక్షకునికి ఈ స్థితి కొత్త కాదు. 1957 నాటి ‘మాయాబజార్’ చిత్రంలో ప్రియదర్శిని అనే పేటిక ఉన్నది. దానిని చూసినవారికి తమకు అత్యంత ప్రియమైనది అందులో కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనబడతాడు. బలరామునికి సుయోధనుడు కనబడతాడు. శ్రీకృష్ణునికి శకుని కనబడినప్పుడు ప్రేక్షకులు పగలబడి నవ్వుతారు. అయితే పేటిక ముందుకు వెళ్ళడమా మానడమా అన్నది చూసేవారి ఇష్టం. ఎంటర్‌ప్రైజ్ నౌకలోని వారికి ఆ వెసులుబాటు లేదు.

ఆ వెసులుబాటు లేకపోవడం ఎంత దుస్సహమో పైక్ అనుభవంలో తెలుస్తుంది. మరొక నౌకకు సారథ్యం వహిస్తున్న మేరీ బటెల్ అతని ప్రియురాలు. సెలవులలో ఇద్దరూ కలిసి ఎక్కడికి వెళ్ళాలన్న విషయంలో అతనికి అయిష్టం ఉన్నది. దానిని ఆమెకు చెప్పలేక దాటవేస్తూ వచ్చాడు. ఇప్పుడు ఆమె తెర మీద ప్రత్యక్షమయింది. నౌక నిర్వహణ మందిరంలో అధికారులందరూ ఉన్నారు. పైక్ నోట పాట వెలువడుతుంది. ఆమె కూడా పాటతోనే బదులిస్తుంది. ఇద్దరి మధ్య ఏకాంతంలో జరగవలసిన కలహం సిబ్బంది ఎదుట యుగళగీతమైపోతుంది. చివరకు ఆ ప్రసారాన్ని అర్ధాంతరంగా తెంచివేయవలసి వస్తుంది. ఆ పాటకు పెట్టిన పేరుకు ‘ఏకాంత సంభాషణ’ అని అర్థం. చూస్తున్నంతసేపూ మనకు నవ్వు వస్తుంది. కాని వందలమందికి ఆజ్ఞలిచ్చే మనిషి తన మాట మీద తనకే ఆజ్ఞ లేక నిలబడిన ఆ దృశ్యంలో ప్రమాదపు ఛాయ కూడా ఉన్నది. మనసు దాచుకోలేని సేనాని శత్రువు ముందు ఏమి దాచగలడు? అంతరంగ రహస్యాలు ఇలా బయటపడడం నౌక భద్రతకే ముప్పు అని లాన్ వాదిస్తుంది.

లాన్ అలా వాదించడంలో ఉద్యోగధర్మం ఎంత ఉన్నదో స్వీయభయం అంతకంటె ఎక్కువ ఉన్నది. ఈ కథకు ప్రాణం ఆమె. పూర్తి పేరు లాన్ నూనియన్ సింగ్. మూలకథలో కర్క్‌కు పరమశత్రువైన ఖాన్ వంశంలో పుట్టినది. బాల్యంలో గోర్న్ అనే క్రూరజాతి చేతికి చిక్కి, కుటుంబాన్ని పోగొట్టుకొని ప్రాణాలతో బయటపడినది. ఎవరినీ దగ్గరకు రానీయకుండా ఉండడమే ఆమె నేర్చిన ఆత్మరక్షణ. ఇదే విడతలోని మూడవ భాగంలో ఆమె కాలప్రవాహం తారుమారు కావడం వల్ల వేరొక చరిత్రకు చెందిన కర్క్‌తో కలిసి ఇరవై ఒకటవ శతాబ్దపు టొరంటో నగరానికి చేరుతుంది. తన వంశం పేరు విని వెనుకంజ వేయని ఏకైక వ్యక్తి అతడు. ఆమె అతనిని ప్రేమిస్తుంది. అతడు అక్కడే మరణిస్తాడు. చరిత్ర మళ్ళీ సర్దుకొన్న తర్వాత ఆమె ఒక్కతే తిరిగివస్తుంది. జరిగినది ఎవరికీ చెప్పరాదని ఆమెకు కట్టడి విధింపబడింది. అదే ముఖం, అదే కంఠం గల ఈ లోకపు కర్క్ ఇప్పుడు నౌకలోకి వచ్చాడు. అతనికి ఆమె ఎవరో తెలియదు. ఆమెకు అతడు సర్వస్వం.

ఇటువంటి రహస్యాన్ని మోస్తున్న మనిషి పాట ఎప్పుడు ముంచుకొస్తుందో తెలియని నౌకలో తిరుగుతున్నది. తన గదిలో ఏకాంతంగా ఉన్నప్పుడు ఆమెకు పాట వస్తుంది. ఈ భాగం మొత్తం మీద అత్యుత్తమమైన గీతం అదే. కట్టుదిట్టంగా బతకడం మాని, మనసుకు కొంత స్వేచ్ఛ ఇస్తే ఎలా ఉంటుందో అని ఆమె తనను తాను అడుగుతుంది. క్రిస్టీనా చాంగ్ ఆ పాటను గట్టిగా మొదలుపెట్టదు. అలవాటు లేని దారిలో నడుస్తున్నట్లుగా ఒక్కొక్క పదాన్ని ఆచితూచి పాడుతుంది. ఈ పాట వినడానికి ఎదుట ఎవరూ లేకపోవడం ఆమె అదృష్టం. రెండవసారి ఆ అదృష్టం ఉండకపోవచ్చు.

ఊనా ఆమెను ఓదార్చుతూ పాడుతుంది. తాను జన్యుపరివర్తన పొందిన ఇల్లీరియన్ జాతి స్త్రీనన్న నిజాన్ని ఏళ్ళ తరబడి దాచి, అది బయటపడి, విచారణను ఎదుర్కొన్న వ్యక్తి ఊనా. రహస్యం మోసేవారి భుజం ఎలా కుంగిపోతుందో ఆమెకు తెలుసు. కాబట్టి ఆ ఓదార్పు పైపై మాటగా తోచదు.

ఆ తరువాత లాన్ చేసిన పనిని శ్రద్ధగా గమనించాలి. పాట తనను పట్టుకొని ఈడ్చి నిజం చెప్పించేలోగా ఆమె తానే నడిచి కర్క్ వద్దకు వెళుతుంది. కట్టడిని లెక్కచేయక జరిగినదంతా చెబుతుంది. పాటగా కాదు, వచనంగా. తొట్రుపడుతూ, మాటలు వెతుక్కొంటూ, ఇద్దరు మనుషులు ఒక గదిలో మాట్లాడుకొన్నట్లుగా చెబుతుంది. సంగీత రూపకంలో అతి ముఖ్యమైన సన్నివేశానికి సంగీతం లేకపోవడం రచయితల సాహసం. సాధారణంగా సంగీత నాటకంలో భావం పతాకస్థాయికి చేరినప్పుడు మాట పాటగా మారుతుంది. ఇక్కడ క్రమం తలకిందులయింది. పాట బలవంతం, మాట స్వేచ్ఛ. పాటలో చెప్పినది నిజమే అయినా అది ఆమె ఇచ్చినది కాదు, ఆమె నుంచి లాక్కొన్నది. మాటలో చెప్పిన నిజం ఆమె స్వయంగా ఇచ్చినది.

ఆ సాహసానికి ఆమెకు దక్కిన ఫలం ఏమిటి? కర్క్ ఆమె మాటను నమ్ముతాడు, గౌరవిస్తాడు. తనకూ ఆమె పట్ల ఏదో ఆకర్షణ ఉన్నదని దాచకుండా ఒప్పుకొంటాడు. కాని తనకు కరోల్ అనే స్త్రీతో సంబంధం ఉన్నదనీ, ఆమె గర్భవతి అనీ చెబుతాడు. కథ అక్కడితో ఆగుతుంది. మూలకథ ఎరిగిన ప్రేక్షకునికి కరోల్ ఎవరో, పుట్టబోయే బిడ్డ ఎవరో ముందే తెలుసు. 1982 నాటి చలనచిత్రంలో వారిద్దరూ కనబడతారు. రాయబారం విఫలమవుతుందని తెలిసి కూడా మనం శ్రీకృష్ణుని మాటలను ఆసక్తితో వింటాము కదా! ముగింపు తెలిసిన కథలో కుతూహలం ఫలితం మీద ఉండదు, పాత్ర ఆ ఘడియలో ఎలా నిలబడుతుందన్న దాని మీద ఉంటుంది.

స్పాక్, క్రిస్టీన్ చాపెల్‌ల కథ ఇందుకు భిన్నమైనది. నర్సుగా పనిచేసే చాపెల్‌కు డాక్టర్ కోర్బీ వద్ద పరిశోధన చేసే అవకాశం లభించింది. ఆ సంగతి ఆమె స్పాక్‌కు చెప్పలేదు. విశ్రాంతి మందిరంలో మిత్రుల మధ్య ఆమె సంబరపడుతున్న వేళ స్పాక్ వచ్చి అడుగుతాడు. సమాధానం పాటగా పొంగుతుంది. తాను వెళ్ళడానికి సిద్ధమేననీ, అతనిని విడిచిపోవడానికి కూడా సిద్ధమేననీ ఆ పాట సారాంశం. చుట్టూ ఉన్నవారు ఆమెతో కలిసి నాట్యం చేస్తారు. స్పాక్ ఒక పక్కన నిలబడి ఉంటాడు. ఒకే గీతం ఒకరికి హర్షం, మరొకరికి విషాదం. చాపెల్ దుర్మార్గురాలు కాదు. ఆమె కోరిక న్యాయమైనది. ఆమెకు చెప్పే అవకాశం ఉండి ఉంటే ఆ మాటను మెత్తగా, ఏకాంతంలో చెప్పి ఉండేది. క్షేత్రం నిజాన్ని మిగిల్చి మర్యాదను హరించింది.

స్పాక్ తండ్రి వల్కన్ జాతివాడు. ఉద్వేగాన్ని అణచుకొని తర్కబద్ధంగా జీవించడం ఆ జాతి ధర్మం. అటువంటివానికి పాట రావడం కంటె పెద్ద శిక్ష లేదు. యంత్రశాలలో అతడు పాడిన గీతం పేరులో చక్కని శ్లేష ఉన్నది. బీజగణితంలో తెలియని రాశిని ‘ఎక్స్’ అంటారు. ఆంగ్లంలో విడిపోయిన ప్రియుణ్ణి లేదా ప్రియురాలిని సూచించే మాట కూడా ఇదే ఉచ్చారణతో ఉంటుంది. తన బతుకు సమీకరణంలో తెలియని రాశి తానే అని లెక్కల భాషలో చెప్పబోయి, తాను వదలివేయబడ్డవాణ్ణని చెప్పుకొంటాడు. తర్కం వెనుక దాగుదామనుకొన్నవానికి తర్కమే అద్దం పట్టింది. శ్లేష హాస్యానికే గాని కరుణకు పనికిరాదని అనుకొనేవారు ఈ పాటను వినాలి.

సమస్యను పరిష్కరించేది ఉహురా. ఈ పాత్రకు గానంతో ఉన్న బంధం ఎంతో పాతది. 1966లో మూల ధారావాహికలో ఉహురాగా నటించిన నిషెల్ నికోల్స్ స్వయంగా గాయని. ఆ ఏడాది ప్రసారమైన రెండు భాగాలలో ఆమె పాత్ర పాటలు పాడింది. ఒక దానిలో స్పాక్ తంత్రీవాద్యం వాయిస్తుండగా పాడింది. ఈ ధారావాహికలో ఉహురాగా నటించిన సీలియా రోజ్ గూడింగ్ బ్రాడ్‌వే రంగస్థలం నుంచి వచ్చిన నటి. నికోల్స్ 2022 జులైలో కన్నుమూసింది. మరుసటి ఏడు వచ్చిన ఈ భాగంలో పాట భారాన్ని ఉహురా భుజాల మీద ఉంచడం ఉచితంగా ఉన్నది.

ఉహురా తల్లిదండ్రులనూ సోదరుణ్ణీ ప్రమాదంలో పోగొట్టుకొన్నది. ఇతరుల సందేశాలను ఒకరికొకరికి చేరవేయడం ఆమె వృత్తి. ఆమెకు సందేశం పంపేవారు మాత్రం లేరు. అందరి పాటలనూ విని, వాటి సమాచారాన్ని ముందు వేసుకొని ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆమెకూ పాట వస్తుంది. ఆ ఒంటరితనమే తనను ఇతరుల మాట వినగల మనిషిగా తీర్చిందని ఆమె గ్రహిస్తుంది. ఆ పాట నడుమనే సూత్రమూ తడుతుంది. మాటలు చాలనంతగా భావం పొంగినప్పుడు పాట వస్తున్నది. పాట పతాకస్థాయికి చేరినప్పుడు క్షేత్రం కదలుతున్నది. అందరూ కలిసి ఒక్కసారి అంతటి స్థాయికి చేరితే క్షేత్రం విరిగిపోతుంది. ఇతరులు దాచుకోజూసిన దానిని ఆమె వినడం వల్లనే ఈ పరిష్కారం లభించింది.

ఇంతలో ప్రమాదం ముదిరింది. మడతను మూయడానికి చేసిన తొలి ప్రయత్నం బెడిసికొట్టి క్షేత్రం ఇతర నౌకలకు పాకింది. యుద్ధప్రియులైన క్లింగాన్లు కూడా దాని బారిన పడ్డారు. పాడవలసిరావడం వారికి సహించరాని అవమానం. మడతను ఆయుధాలతో పేల్చివేస్తామని వారు బయలుదేరారు. అదే జరిగితే ఉభయ రాజ్యాలూ నాశనమవుతాయి. ఉహురా ముందు నిలిచి సిబ్బందినంతటినీ బృందగానానికి పురికొల్పుతుంది. క్లింగాన్ నౌకతో సంబంధం కలిపినప్పుడు ఆ భీకర సేనాని తన యోధులతో కలిసి కుర్రకారు పాప్ బృందం వలె గంతులు వేస్తూ పాడతాడు.

క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణమన్నాడు. ఈ క్లింగాన్ గీతం ఔచిత్యాన్ని భంగపరచిందా? ప్రాణాపాయం ముంచుకొస్తున్న వేళ ఈ వెకిలితనమేమిటని అనేవారు ఉండవచ్చు. నా అభిప్రాయం వేరు. బలవంతపు గానం ఎవరి గౌరవానికి అధికంగా భంగమో వారినే అది అత్యంత హాస్యాస్పదంగా పట్టుకొన్నది. కథాసూత్రానికి అది అనుగుణమే. అసలు లోపం చివరి బృందగానంలోనే ఉన్నది. అందరమూ ఒక్కటే అన్న భావాన్ని ఆ పాట పదే పదే పలుకుతుంది. అప్పటికే కథ చూపిన దానిని మళ్ళీ నోటితో చెప్పడం వల్ల రసం పలచబడింది. లాన్ గదిలో పాడినప్పుడు కలిగిన కంపం ఇంతమంది కలిసి పాడినా కలగదు. బృందం పెద్దదైనంత మాత్రాన భావం గాఢమవుతుందని చెప్పలేము.

ఈ కల్పన పూర్తిగా కొత్తది అనడానికి వీలులేదు. 2001 నవంబరులో ‘బఫీ’ అనే ధారావాహికలో జాస్ వెడన్ రచించి దర్శకత్వం వహించిన సంగీత భాగం ఇటువంటిదే. అక్కడ ఒక రాక్షసుని మాయ వల్ల ఊరివారందరూ పాడి తమ రహస్యాలను వెళ్ళగక్కుకొంటారు. అది మాంత్రిక కథ కనుక రాక్షసుడు సరిపోయాడు. ఇది వైజ్ఞానిక కల్పన కనుక క్షేత్రం అవసరమయింది. ఋణం స్పష్టంగానే ఉన్నది. లాన్ పాటను తప్పించుకొని మాటను ఎంచుకొన్న ఘట్టం వద్ద ఈ కథ తన సొంత కాళ్ళ మీద నిలబడింది. 2024లో హ్యూగో పురస్కారాల తుది జాబితాలో ఈ భాగానికి చోటు దక్కింది. పురస్కారం మాత్రం వేరొక ధారావాహికకు వెళ్ళింది.

బృందగానం పతాకస్థాయికి చేరగానే క్షేత్రం విచ్ఛిన్నమవుతుంది. నౌకలో మాటలు మళ్ళీ మాటలుగా వినబడతాయి. కాని పాడిన పాటను వెనక్కు తీసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. పైక్, బటెల్ తాము దాటవేసిన సంగతిని ఇక మాట్లాడుకోక తప్పదు. చాపెల్ వెళ్ళిపోతుంది. స్పాక్ తన పనిలోకి మళ్ళుతాడు. కర్క్ తన నౌక అయిన ‘ఫారగట్’కు తిరిగిపోతాడు. లాన్ ఎంటర్‌ప్రైజ్‌లోనే ఉండిపోతుంది.

అభ్యాసం

క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.

1. ‘ఈ నౌకలో పాట అలంకారం కాదు, కన్నీటి వంటిది’ అన్న వాక్యాన్ని సాత్త్విక భావాల ఆధారంగా వివరించండి.

2. లాన్ తన రహస్యాన్ని పాటగా కాక మాటగా చెప్పడంలోని విశేషాన్ని చర్చించండి. ఆమె కట్టడిని అతిక్రమించడం సమంజసమేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో తెలపండి.

క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.

1. లోకధర్మికీ నాట్యధర్మికీ గల భేదమేమి? మీరు చూసిన ఒక నాటకం నుంచి గాని, చలనచిత్రం నుంచి గాని ఉదాహరణ ఇవ్వండి.

2. ప్రియదర్శిని పేటికకూ ఎంటర్‌ప్రైజ్‌ను కమ్మిన క్షేత్రానికీ గల పోలికను, తేడాను తెలపండి.

3. చివరి బృందగానం గురించి వ్యాసకర్త వెలిబుచ్చిన అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా?

క్రింది పదాలను విడదీసి సంధి పేర్లు రాయండి.

రాగాలాపన, భావోద్వేగం, ఏకైక, ప్రత్యేక